మక్తల్ వేసవిలో పెరటి హరితగృహానికి నీడ: ఎంత, ఎక్కడ, ఎంతసేపు?

ఉపోద్ఘాతం

హరితగృహం చలి దేశాల అవసరాల నుంచి పుట్టిన నిర్మాణం. బయట మంచు కురుస్తున్నా లోపలి మొక్కకు వెచ్చదనం అందించడమే దాని తొలి ప్రయోజనం. మన దేశంలో లేహ్ వంటి చోట్ల అది నేటికీ ఆ పనే చేస్తున్నది. నారాయణపేట జిల్లా మక్తల్ ప్రాంతంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. కృష్ణానది తెలంగాణలో ప్రవేశించే చోటుకు చేరువలో ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. గాలిలో తేమ చాలా తక్కువ. సంగంబండ, భూత్పూర్ జలాశయాల వల్ల సాగునీటి వసతి మెరుగుపడినా ఎండ తీవ్రత తగ్గేది కాదు. అందువల్ల ఇక్కడ హరితగృహ నిర్వహణ అంటే ఏటా సుమారు మూడు నెలలపాటు లోపలి వేడిని బయటికి పంపే పనే.

చిన్న కమతాలకు తగిన హరితగృహాలపై తెలంగాణలో ఇటీవల ఆసక్తి పెరిగింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఖేతీ సంస్థ చిన్న రైతుల కోసం రూపొందించిన ‘గ్రీన్‌హౌస్ ఇన్ ఎ బాక్స్’కు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి లభించింది. అంతకంటే చిన్నవి, అంటే ఇంటి పెరట్లో 20 నుంచి 30 చదరపు మీటర్లలో నారు పెంపకానికీ, ఆకుకూరలకూ వేసుకునే నిర్మాణాలు ఈ వ్యాసానికి విషయం. ఇటువంటి పెరటి హరితగృహంలో వేసవి చివర పోసిన టమాట, వంగ, మిరప నారే వానాకాలపు నాటుకు ఆధారం. ఒక్క మధ్యాహ్నపు వేడికి నారు మాడిపోతే తిరిగి పోసి పెంచడానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది. వేడికి భయపడి దట్టమైన నీడ కప్పితే నారు సన్నగా సాగి, పొలంలో నాటిన తరువాత నిలదొక్కుకోదు. రెండు విధాలా రైతు కోల్పోయేది అదనే.

నీడ అనగానే సాధారణంగా వల శాతం గురించి మాత్రమే చర్చ జరుగుతుంది. వలను పొరకు పైన కట్టారా, లోపల కట్టారా, రోజులో ఎంతసేపు ఉంచారు, ఏ నెలలో తీశారు అనే అంశాలు శాతంతో సమానంగా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

హరితగృహం వేడెక్కడానికి అసలు కారణం

ప్లాస్టిక్ పొర సూర్యకాంతిని లోపలికి రానిచ్చి, లోపలి నుంచి వెలువడే పరారుణ కిరణాలను అడ్డుకోవడం వల్లనే హరితగృహం వేడెక్కుతుందన్న వివరణ పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లో ఒక చిన్న ప్రయోగంతో దీన్ని పరీక్షించారు. ఒక పెట్టెకు గాజు పలకను, మరొక పెట్టెకు పరారుణ కిరణాలను బయటికి పోనిచ్చే రాతి ఉప్పు పలకను మూతగా ఉంచి, రెండింటినీ ఎండలో పెట్టారు. పరారుణ కిరణాలను అడ్డుకోని పెట్టె కూడా గాజు మూత ఉన్న పెట్టెతో దాదాపు సమానంగా వేడెక్కింది. వేడెక్కిన గాలి పైకి లేచి వెళ్లిపోకుండా చిక్కుపడటమే ప్రధాన కారణమని దీనివల్ల స్పష్టమైంది.

క్షేత్ర స్థాయిలో దీని అర్థం రెండు మాటల్లో చెప్పవచ్చు. లోపలికి వచ్చే వేడిని నీడ తగ్గిస్తుంది. వచ్చిన వేడిని గాలి ప్రసరణ బయటికి తీసుకుపోతుంది. మొదటిది ఎంత బాగా చేసినా రెండవది లేకుంటే ప్రయోజనం ఉండదు. పైగా నీడ ఒక్కటే లోపలి గాలిని బయటి గాలికంటే చల్లబరచలేదు. అది చేయగలిగిన గరిష్ఠ మేలు లోపలి ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంచడం, ఆకును నేరుగా తాకే ఎండను తగ్గించి ఆకు ఉష్ణోగ్రతను దించడం.

ఒక లెక్క

ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మూడు మీటర్ల ఎత్తు ఉన్న పెరటి హరితగృహాన్ని తీసుకుందాం. నేల విస్తీర్ణం 24 చదరపు మీటర్లు, లోపలి గాలి 72 ఘనపు మీటర్లు. వేసవి మధ్యాహ్నం ప్రతి చదరపు మీటరుపై 900 వాట్ల సౌరశక్తి పడుతున్నదనీ, ప్లాస్టిక్ పొర అందులో 80 శాతం లోపలికి పంపుతున్నదనీ అనుకుంటే, లోపలికి చేరే శక్తి సుమారు 17 కిలోవాట్లు. రెండు కిలోవాట్ల విద్యుత్ హీటర్లు ఎనిమిదికి పైగా ఏకకాలంలో వెలుగుతున్నట్లు లెక్క.

నీడ లేకుండా, లోపల మొక్కలు కూడా లేకుండా ఈ వేడినంతా గాలి ద్వారానే పంపి, లోపలి ఉష్ణోగ్రత బయటికంటే మూడు డిగ్రీలకు మించకుండా చూడాలంటే సెకనుకు సుమారు 5 ఘనపు మీటర్ల గాలి మారాలి. అంటే ప్రతి 14 సెకన్లకు ఒకసారి లోపలి గాలి మొత్తం కొత్తది కావాలి. కిటికీల ద్వారా సహజంగా జరిగే ప్రసరణతో ఇది సాధ్యం కాదు.

పొరకు పైన 50 శాతం నీడ వల కడితే లోపలికి వచ్చే శక్తి సుమారు 8.6 కిలోవాట్లకు తగ్గుతుంది. నీరు సమృద్ధిగా అందిన పైరు నేలను బాగా కప్పి ఉంటే, అందులో సగాన్ని బాష్పోత్సేకం ద్వారా ఖర్చు చేస్తుందనుకోవచ్చు. ఇక గాలి మోయవలసింది 4.3 కిలోవాట్లు మాత్రమే. అప్పుడు నిమిషానికి ఒకసారి గాలి మారితే చాలు. సహజ ప్రసరణ గల హరితగృహానికి ఇది అందుబాటులో ఉన్న లక్ష్యం.

ఈ లెక్కలో మొక్క పాత్రను గమనించాలి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. పై ఉదాహరణలో పైరు మధ్యాహ్నపు ప్రతి గంటకు 6 లీటర్లకు పైగా నీటిని ఆవిరిచేస్తేనే ఆ 4.3 కిలోవాట్ల భారం తగ్గుతుంది. డ్రిప్ ఒక్క పూట ఆగితే ఆ వేడి మళ్లీ గాలిపైనా, ఆకుపైనా పడుతుంది. నీడ, గాలి, నీరు ఈ మూడూ ఒకే పనిలోని భాగాలు. ఒకటి లోపిస్తే మిగిలిన రెండూ ఆ లోటును పూర్తిగా భర్తీ చేయలేవు.

సూర్యుడు ఎక్కడ ఉంటాడు?

శీతల దేశాల పుస్తకాలు దక్షిణపు గోడకు నీడ కల్పించమని చెబుతాయి. మక్తల్‌కు ఈ సూచన వేసవిలో వర్తించదు. ఈ పట్టణం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. జూన్ 21 నాటికి ఆ వాలు సుమారు 7 డిగ్రీలు. కాబట్టి మధ్యాహ్నపు భారమంతా పైకప్పుపైనే ఉంటుంది. దక్షిణపు గోడపై నేరుగా పడే ఎండ దాదాపు లేనట్లే. ఆ గోడకు వల కడితే నీడ రాదు సరికదా, గాలికి మాత్రం అడ్డు తగులుతుంది.

రెండవ ముఖ్యమైన దిశ పడమర. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు క్షితిజానికి సుమారు 37 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పటికి బయటి గాలి ఇంకా వేడిగానే ఉంటుంది. పడమటి గోడ గుండా ఏటవాలుగా వచ్చే ఈ ఎండ నారుమడుల అడుగు భాగాన్ని సైతం తాకుతుంది. జూన్ చివరలో సూర్యుడు పడమటికి 24 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు గనుక నీడ పడమటి వైపుతోపాటు వాయవ్య మూలను కూడా కప్పాలి. తూర్పు వైపు ఉదయపు ఎండ మొక్కకు మేలు చేస్తుంది. దాన్ని అడ్డుకోవలసిన అవసరం లేదు.

వల ఎంపిక

మార్కెట్లో 35, 50, 75, 90 శాతం నీడనిచ్చే వలలు లభిస్తాయి. శాతం పెరిగేకొద్దీ మొక్కకు మేలని భావించడం పొరపాటు. ఎండలో వేడితోపాటు కిరణజన్య సంయోగక్రియకు కావలసిన వెలుతురు కూడా ఉంటుంది. సాధారణ వల ఈ రెండింటినీ వేరుచేయలేదు, రెండింటినీ సమానంగా తగ్గిస్తుంది.

నడి వేసవిలో బయట లక్ష లక్స్ వెలుతురు ఉన్నప్పుడు 80 శాతం కాంతినిచ్చే పొర, దానిపై 50 శాతం వల ఉంటే మొక్కకు 40 వేల లక్స్ అందుతుంది. టమాట, మిరప వంటి పైర్ల నారుకు ఇది సరిపోతుంది. 75 శాతం వల అయితే మిగిలేది 20 వేల లక్స్. వేసవి ధూళి పొరపై పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. అదే వల జూలైలో మబ్బు పట్టిన రోజున, బయట 30 వేల లక్స్ మాత్రమే ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటే లోపల 6 వేల లక్స్ మాత్రమే మిగులుతుంది. నారు పొడవుగా సాగి, కాండం పలచబడి, నారుకుళ్లు తెగులుకు అనువైన పరిస్థితి ఏర్పడుతుంది. అందువల్ల మక్తల్ పరిస్థితుల్లో కూరగాయల నారుకు 50 శాతం వలను, కొత్తిమీర, పాలకూర వంటి ఆకుకూరలకు ఎండలు ముదిరినప్పుడు 50 నుంచి 75 శాతం వలను ఎంచుకోవచ్చు. తోటకూర, గోంగూర వేడిని తట్టుకునేవి కనుక వాటికి 35 శాతం సరిపోతుంది.

రంగు విషయానికి వస్తే, నల్ల వల, ముదురు ఆకుపచ్చ వల ఎండను పీల్చుకుని తామే వేడెక్కుతాయి. తెల్ల వల, అల్యూమినియం పూత గల వల ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపుతాయి. చివరిది ఖరీదైనదైనా చిన్న నిర్మాణానికి కావలసిన పరిమాణం తక్కువ గనుక పరిశీలించదగినది. కొనేటప్పుడు అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పదార్థం కలిపినదీ, నీడ వలలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 16008కు అనుగుణమైనదీ అవునో కాదో చూడాలి.

వల ఉండవలసిన చోటు

తరచుగా జరిగే పొరపాటు వలను ప్లాస్టిక్ పొర కింద, లోపలి వైపు కట్టడం. గాలికి చిరగదనీ, కట్టడం సులభమనీ ఇలా చేస్తారు. ముదురు రంగు వల లోపల ఉంటే ఎండ ముందుగా పొరను దాటి లోపలికి వచ్చి, వలను తాకి వేడిగా మారుతుంది. ఆ వేడి లోపలి గాలిలోనే కలుస్తుంది. మొక్కపై నీడ పడుతుంది గాని గది చల్లబడదు. వల పైకప్పు కిటికీకి అడ్డుగా ఉంటే ప్రసరణ కూడా మందగిస్తుంది.

వల పొరకు వెలుపల, 30 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అప్పుడు వల పీల్చుకున్న వేడిని బయటి గాలి తీసుకుపోతుంది. వలను నేరుగా పొరపై పరిస్తే ఈ లాభం పోవడమే కాక, గాలికి రాపిడి కలిగి పొర చిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో కూడిన ఈదురుగాలులు వస్తాయి కనుక వలను నాలుగు అంచులా బలమైన తీగకు కట్టి, అవసరమైనప్పుడు వెంటనే ఒక పక్కకు లాగి చుట్టే విధంగా రింగులపై అమర్చాలి. ఇలా కదిలే వల రోజువారీ నీడ నియంత్రణకూ ఉపయోగపడుతుంది.

పైకప్పు శిఖరం వద్ద వేడి గాలి బయటికి పోయే మార్గం, పక్కల కింది భాగంలో చల్లని గాలి వచ్చే మార్గం తప్పనిసరి. రుతుపవన కాలంలో గాలి ప్రధానంగా పడమటి, నైరుతి దిశల నుంచి వీస్తుంది. శిఖరపు మార్గం తూర్పు ముఖంగా ఉంటే వాన లోపలికి కొట్టదు, వీచే గాలి లోపలి వేడిని బయటికి లాగుతుంది. పొర ఇనుప గొట్టాలను తాకే చోట గొట్టానికి తెల్ల రంగు వేస్తే అక్కడ పొర త్వరగా పెళుసుబారదు.

పొరను తీసివేయవచ్చునా?

వేసవిలో మక్తల్ వంటి చోట ప్లాస్టిక్ పొర చేసే మేలు చాలా తక్కువ. వానను, మంచును అడ్డుకోవడం దాని పని. ఆ రెండూ ఏప్రిల్‌లో సమస్యలు కావు. అకాల వర్షం మాత్రమే మినహాయింపు. కాబట్టి పెరటి హరితగృహంలో పక్కల పొరను పూర్తిగా పైకి చుట్టే విధంగా, వీలైతే పైకప్పు పొరను కూడా తొలగించే విధంగా నిర్మించుకోవడం మంచిది. పొర తీసి వల మాత్రమే ఉంచితే ఆ నిర్మాణం వేసవికి షేడ్‌నెట్ పందిరిగా, వానాకాలానికి హరితగృహంగా పనిచేస్తుంది. పురుగుల వల పక్కల ఉన్నట్లయితే దాన్ని ఉంచి, ధూళిని వారానికొకసారి కడగాలి. రంధ్రాలు పూడిన వల గోడతో సమానం.

తెల్లపూత మరొక మార్గం. స్పెయిన్ దేశపు అల్మేరియా ప్రాంతంలో విస్తారంగా ఉన్న ప్లాస్టిక్ హరితగృహాలపై వేసవిలో సుద్ద పొడిని నీటిలో కలిపి చల్లడం వాడుకలో ఉంది. వల కొనలేని వారికి ఇది చౌకైన పద్ధతి. గోడలకు వేసే తడి సున్నం తీవ్రమైన క్షారం గనుక పొరకూ, లోహపు భాగాలకూ హాని కలగవచ్చు. దానికి బదులు సుద్ద పొడి వాడడం సురక్షితం. తొలి వానలకు కడుక్కుపోవడం ఈ పూతకు లోపమూ, గుణమూ కూడా. మబ్బుల కాలానికి నీడ దానంతట అదే తొలగిపోతుంది. మిగిలిన పూతను చేత్తో తుడిచివేయాలి.

ప్రాణమున్న నీడ

నీడ కల్పించే విద్య తెలుగు రైతుకు కొత్తది కాదు. కోస్తా తమలపాకు తోటల్లో అవిసె చెట్లు తీగకు ఊతాన్నీ, నీడనూ ఒకేసారి ఇస్తాయి. పెరటి హరితగృహానికి పడమటి, వాయవ్య దిశల్లో రెండు మూడు మీటర్ల దూరంలో అవిసె లేదా మునగ వరుస నాటితే సాయంత్రపు ఎండ చెట్టు ఆకులపై పడి ఆగుతుంది. చోటు తక్కువైతే బీర, సొర, చిక్కుడు తీగలను విడి పందిరిపై పాకించవచ్చు. ఆకు ఆవిరి వదులుతుంది కనుక వల వలె వేడెక్కదు. అయితే తీగ ఎదగడానికి రెండు నెలలు కావాలి. మార్చి చివర నీడ కావాలంటే జనవరిలోనే విత్తాలి. అంతవరకు కందికట్టె తడికలు, తాటాకులు తాత్కాలికంగా ఉపయోగపడతాయి.

నీటితో చల్లబరచడం ఎప్పుడు పనిచేస్తుంది?

పొడి గాలిలో నీటి తుంపరలు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. గాలి 41 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీలు. అంటే చల్లబరచడానికి సిద్ధాంతరీత్యా 18 డిగ్రీల అవకాశం ఉంది. రుతుపవనాలు వచ్చిన తరువాత గాలి 33 డిగ్రీల వేడితో, 70 శాతం తేమతో ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు. మిగిలిన అవకాశం 5 డిగ్రీలే. అందువల్ల ఫాగర్లు ఏప్రిల్, మే నెలల్లో ఎంతో ఉపయోగపడతాయి గాని జూలైలో తేమను పెంచి తెగుళ్లకు దారితీస్తాయి. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు ఫాగర్ రంధ్రాలను పూడ్చి, ఆకులపై తెల్లని మరకలు వదులుతుంది. అటువంటి చోట నడవలలో నేలను తడపడం, తడి గోనె పట్టాలను గాలి వచ్చే వైపు వేలాడదీయడం మేలు.

కాలానుగుణ నిర్వహణ

మార్చి మూడవ వారంలో వల తీగలు, రింగులు సరిచూసి, పక్కల పొరను పైకి చుట్టాలి. ఏప్రిల్ మొదటి వారం నుంచి ఉదయం పదిన్నర, పదకొండు గంటల మధ్య వలను కప్పి, సాయంత్రం నాలుగున్నర తరువాత తీయాలి. ఉదయపు వెలుతురు నారుకు పూర్తిగా అందాలి. మక్తల్‌లో మే నెలలో సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరేది గడియారం ప్రకారం 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో. గాలి అత్యధికంగా వేడెక్కేది మాత్రం ఆ తరువాత రెండు మూడు గంటలకు. కాబట్టి వలను మధ్యాహ్నం రెండు గంటలకే తీయడం తగదు.

టమాట, వంగ, మిరప నారును నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి నీడ గంటలను రోజురోజుకూ తగ్గించి, నీటిని కొద్దిగా తగ్గించి గట్టిపరచాలి. నీడలోనే పెరిగి నేరుగా పొలానికి వెళ్లిన నారు తొలి రెండు ఎండలకే ఆకులు మాడ్చుకుంటుంది. రుతుపవనాలు స్థిరపడగానే వలను పూర్తిగా తీసి, ఆరబెట్టి, నీడలో భద్రపరచాలి. ఈ ఒక్క జాగ్రత్త వల ఆయుష్షును పెంచుతుంది, జూలై నారు నాణ్యతనూ కాపాడుతుంది.

నిరంతర నీడ ఉన్నా నడి వేసవిలో కాయ పైర్లపై అత్యాశ పనికిరాదు. టమాటలో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి జీవశక్తి తగ్గి పూత రాలుతుంది. బయట 41 డిగ్రీలు ఉన్నప్పుడు నీడ మాత్రమే ఉన్న పెరటి హరితగృహం ఆ హద్దుకు దిగువన ఉండలేదు. ఆ రెండు నెలలు నారుకూ, ఆకుకూరలకూ కేటాయించడం వివేకం.

కొలిచి సలహా ఇవ్వడం

విస్తరణ శాస్త్రవేత్తలు వల శాతాన్ని సూచించే ముందు రెండు ఉష్ణమాపకాలతో స్థితిని అంచనా వేయవచ్చు. ఒకటి హరితగృహం బయట నీడలో, మరొకటి లోపల పైరు ఎత్తులో, ఎండ నేరుగా తగలకుండా తెల్లని కప్పు కింద ఉంచాలి. మధ్యాహ్నం రెండున్నరకు రెండింటినీ చదవాలి. తేడా మూడు డిగ్రీల లోపు ఉంటే నిర్మాణం సక్రమంగా పనిచేస్తున్నట్లే. తేడా ఐదారు డిగ్రీలు దాటితే మరింత దట్టమైన వల కొనమని చెప్పడానికి ముందు శిఖర మార్గం తెరిచి ఉన్నదా, పురుగుల వల ధూళితో పూడిందా, వల పొరకు లోపల ఉన్నదా, డ్రిప్ పారుతున్నదా అని చూడాలి. తేడా తక్కువగా ఉండి కూడా ఆకులు మాడుతుంటే అప్పుడు నీడ చాలలేదని నిర్ణయించవచ్చు. తేడా తక్కువగా ఉండి నారు సాగిపోతుంటే నీడ ఎక్కువైనట్లు.

ముగింపు

మక్తల్ వేసవిలో పెరటి హరితగృహానికి మధ్యస్థమైన నీడ చాలు. ఆ నీడ పొరకు పైన, పైకప్పుపైనా పడమటి వైపునా, ఎండ ముదిరిన గంటల్లో మాత్రమే ఉండాలి. దానికి తోడుగా శిఖరాన గాలికి దారి, మొక్క వేరుకు నీరు ఉండాలి. ఈ మూడింటినీ కలిపి అమర్చినప్పుడే తొలకరి నాటికి రైతు చేతిలో గట్టి నారు ఉంటుంది, నాటు అదను తప్పదు.